లక్షకు 12.3: ఆత్మహత్యల నివారణ జాతీయ వ్యూహం ఎక్కడిదాకా వచ్చింది?

2023 సంవత్సరపు ఆత్మహత్యల లెక్కలను జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2025 సెప్టెంబరు చివర్లో బయటపెట్టింది. ఆ ఏడాది దేశంలో 1,71,418 మంది ప్రాణాలు తీసుకున్నారు. అంతకుముందు ఏడాది ఆ సంఖ్య 1,70,924. అంటే 494 మంది ఎక్కువ, కాబట్టి ఆత్మహత్యలు పెరిగాయని చెప్పొచ్చు. అదే నివేదికలో లక్ష జనాభాకు ఎంతమంది అన్న రేటు చూస్తే 12.4 నుంచి 12.3కు దిగింది. కాబట్టి తగ్గాయనీ చెప్పొచ్చు. రెండు మాటలూ నిజమే. మరణాలు పెరిగాయి, జనాభా అంతకంటే కాస్త వేగంగా పెరిగింది.

ఈ తేడా ఇప్పుడెందుకు ముఖ్యమంటే, ఆత్మహత్య మరణాలను 2030 నాటికి 10 శాతం తగ్గిస్తామని కేంద్ర ప్రభుత్వం రాతపూర్వకంగా మాట ఇచ్చింది. 2022 నవంబరు 21న కేంద్ర ఆరోగ్య శాఖ విడుదల చేసిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహంలో ఆ మాట ఉంది. ఇలాంటి పత్రం దేశానికి అదే మొదటిది. మూడేళ్లు దాటిపోయాయి. మాట ఎంతవరకు నిలబడిందో తెలుసుకోవాలంటే ముందు అందులో ఏం రాశారు, ఎవరి లెక్కతో కొలుస్తున్నారు, ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తోంది అన్నవి విడివిడిగా చూడాలి.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఈమధ్య బతుకు మీద ఆశ సన్నగిల్లినట్టు ఉంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ ఉచిత నంబరు 14416కు పగలైనా రాత్రయినా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.

వ్యూహం వేరు, పథకం వేరు

పథకం అంటే డబ్బు ఉంటుంది, లబ్ధిదారులు ఉంటారు, దరఖాస్తు ఉంటుంది. వ్యూహం అలా కాదు. ఏ పని, ఎవరి బాధ్యత, ఎప్పటిలోగా అని చెప్పే పత్రం. చట్టంలా ఎవరినీ కట్టిపడేయదు, దానంతట అది నిధులూ తేదు. ఈ వ్యూహంలోనూ అంతే. పెద్ద లక్ష్యం 2030 నాటికి 10 శాతం తగ్గుదల. దాని కింద మూడు గడువులు. ఆత్మహత్యలను, ఆత్మహత్యాయత్నాలను ఎప్పటికప్పుడు గమనించే నిఘా వ్యవస్థ మూడేళ్లలో రావాలి. ప్రతి జిల్లాలో ఆత్మహత్యల నివారణ సేవలు అందించే మానసిక వైద్య ఓపీ ఐదేళ్లలో తెరవాలి. విద్యాసంస్థలన్నిటిలో మానసిక ఆరోగ్య పాఠాలు ఎనిమిదేళ్లలో చేరాలి. అంటే 2025, 2027, 2030.

దీనికి ముందు దేశంలో ఆత్మహత్య అన్నది ప్రధానంగా పోలీసు వ్యవహారం. పాత శిక్షాస్మృతి 309 సెక్షన్ ప్రకారం ప్రయత్నించి బతికినవాళ్లకు ఏడాది దాకా జైలు. 1994లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. 1996లో అదే కోర్టు అంతకంటే పెద్ద ధర్మాసనంతో మళ్లీ నిలబెట్టింది. దాన్ని తొలగించండని 2008లో లా కమిషన్ సిఫారసు చేసింది. చివరికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పక్కదారిలో పరిష్కారం చూపింది. ఆ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, పైగా వైద్యం, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309 లాంటి సెక్షనే లేదు. అయితే ప్రభుత్వ ఉద్యోగిని తన విధి చేయనివ్వకుండా ఒత్తిడి తేవడానికి ఆత్మహత్యాయత్నం చేస్తే 226వ సెక్షన్ కింద శిక్ష ఉంది. కలెక్టరాఫీసు ముందు, తహసీల్దారు ఆఫీసు ముందు నిస్సహాయంగా నిలబడే మనుషులు మన రెండు రాష్ట్రాల్లో ఎందరో. వాళ్ల మీద ఈ సెక్షన్ ఎలా వాడతారన్నది గమనించాల్సిన విషయం.

నేరం అన్న చూపు నుంచి ప్రజారోగ్యం అన్న చూపుకు మళ్లడమే ఈ వ్యూహం తెచ్చిన అసలు మార్పు. ఇది చిన్న మార్పేమీ కాదు.

పది శాతం అంటే లెక్కలో ఎంత?

వ్యూహం 2020ని ఆధారంగా తీసుకుంది. ఆ ఏడాది దేశంలో 1,53,052 మరణాలు, రేటు లక్షకు 11.3. పది శాతం తీసేస్తే రేటు సుమారు 10.2 కావాలి. 2023లో ఉన్నది 12.3. అక్కడి నుంచి 10.2కు దిగాలంటే తగ్గాల్సింది పది శాతం కాదు, సుమారు 17 శాతం. రేటు వదిలేసి మరణాల సంఖ్యతోనే కొలుస్తామంటే లక్ష్యం 1,37,747 దగ్గర ఆగుతుంది. 1,71,418 నుంచి అక్కడికి రావాలంటే దాదాపు 20 శాతం తగ్గాలి. వ్యూహం మొదలయ్యే నాటికే మనం మొదటి గీతకు వెనక ఉన్నాం. 2021లో 1,64,033 మరణాలతో రేటు 12కు చేరింది, 2022లో ఇంకాస్త పైకి పోయింది.

లక్ష్యం మీదే రెండు అభిప్రాయాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి మూడో వంతు తగ్గించాలని దేశాలకు చెప్పింది. దాని పక్కన పది శాతం చిన్నదిగా కనిపిస్తుంది. ఇంత పెద్ద దేశం, ఇన్ని రాష్ట్రాలు, ఆరోగ్యం రాష్ట్రాల చేతిలోని అంశం కాబట్టి చేయగలిగిన మేరకే మాట ఇవ్వడం మేలన్నది ఎదుటి వాదన. ఆధార సంవత్సరం మీదా అనుమానం ఉంది. 2020 కోవిడ్ ఏడాది, మామూలు రోజులు కావు. వెనక్కి వెళితే 2010లో రేటు 11.4, 2017లో 9.9, 2019లో 10.4. అంటే 10.2 అన్నది మనం ఎన్నడూ చూడని ఎత్తు కాదు, కొన్నేళ్ల కిందట ఉన్న చోటే.

లెక్క పుట్టేది పోలీస్ స్టేషన్‌లో

ఎన్‌సీఆర్‌బీ సొంతంగా సర్వే చేయదు. రాష్ట్రాల పోలీసులు పంపినదాన్ని కూడి ప్రచురిస్తుంది. అందుకే ఒక మరణం ఆ పట్టికలోకి ఎలా చేరుతుందో దగ్గరగా చూడాలి.

అర్ధరాత్రి ఏరియా ఆస్పత్రికి ఒక మనిషిని ఆటోలో తెస్తారు. క్యాజువాలిటీలో డాక్టరు చికిత్స మొదలుపెడుతూనే ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసుల) రిజిస్టర్‌లో రాస్తారు, పోలీసు అవుట్‌పోస్టుకు కబురు వెళుతుంది. ఆ మనిషి దక్కకపోతే పోలీసులు వస్తారు, శవ పంచనామా చేస్తారు, పోస్టుమార్టం జరుగుతుంది. ఇంటివాళ్లు చెప్పిన మాటను బట్టి కారణం రాస్తారు. పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆ తల్లిదండ్రులో, భార్యో, అన్నదమ్ములో నిజం మొత్తం చెప్పగలరా? పెళ్లి కావాల్సిన చెల్లెలు ఇంట్లో ఉంటుంది. అప్పిచ్చినవాడు అదే ఊళ్లో ఉంటాడు. కోడలి విషయమైతే అత్తింటివాళ్ల మీద కేసు పడుతుంది. కడుపునొప్పి తాళలేక అన్న వార్త మన జిల్లా పేజీల్లో ఎన్నేళ్లుగా చదువుతున్నాం! కొందరికి నిజంగానే భరించలేని నొప్పి ఉంటుంది. కానీ అన్ని ఇళ్లలోనూ అదే అసలు సంగతి కాదని రాసేవాళ్లకూ చదివేవాళ్లకూ తెలుసు. ఆ ఒక్క వాక్యమే తర్వాత పట్టికలో అనారోగ్యం అన్న గడిలోకి వెళ్తుంది.

అసలు కేసే నమోదు కాని మరణాలు ఇంకో సమస్య. ప్రమాదమనో, గుండెపోటనో చెప్పి పొద్దున్నే అంత్యక్రియలు కానిచ్చేస్తే లెక్కలో ఉండదు. 2016 సంవత్సరానికి ఎన్‌సీఆర్‌బీ చూపింది 1,31,008 మరణాలు. ప్రపంచవ్యాప్త వ్యాధిభారం అధ్యయనం అదే ఏడాదికి, అదే దేశానికి వేసిన అంచనా 2,30,314. దాదాపు లక్ష మంది తేడా. రెండోది గణిత నమూనాలతో కట్టిన అంచనా కాబట్టి దానికీ లోపాలుంటాయి. అయినా తేడా పక్కన పెట్టేంత చిన్నది కాదు.

ఇప్పుడు రాష్ట్రాల రేట్లు చూడండి. 2023లో తెలంగాణలో 10,580 మరణాలు. రాష్ట్ర జనాభా అంచనా సుమారు 3.82 కోట్లు. భాగిస్తే లక్షకు 27.7, దేశ సగటుకు రెట్టింపు కంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 8,908 మరణాలు, రేటు 16.8. అదే ఏడాది బీహార్ రేటు 0.6. పేదరికం, వలస, నిరుద్యోగం ఇన్ని ఉన్న బీహార్‌లో ఆంధ్రప్రదేశ్ కంటే 28 రెట్లు తక్కువ ఆత్మహత్యలు జరుగుతాయా? దక్షిణాది రాష్ట్రాల్లో రేట్లు నిజంగానే ఎక్కువని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. కానీ ఇంత తేడాలో కొంత భాగం కచ్చితంగా నమోదులోనిదే. ఇందులో ఇంకో చిక్కుంది. రేటు లెక్కలో కింద వేసే జనాభా 2011 జనగణన ఆధారంగా వేసిన అంచనా. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు.

నమోదు నియమాలు లెక్కను ఎలా మారుస్తాయో తెలుగు నేలకు బాగా తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వచ్చిన జీవో 421 రైతు ఆత్మహత్యలను విచారించడానికి ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారితో త్రిసభ్య కమిటీ పెట్టింది. పాసుపుస్తకం ఉందా, బ్యాంకు అప్పు ఉందా, వ్యవసాయం వల్లే జరిగిందా అని కమిటీ చూస్తుంది. కౌలు రైతుకు పాసుపుస్తకం ఉండదు, అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర తెల్ల కాగితం మీద ఉంటుంది. భూమి భర్త పేరనో మామ పేరనో ఉన్న మహిళా రైతు పరిస్థితీ అంతే. ఆ కమిటీ దృష్టిలో వీళ్లు రైతులు కారు. ఒకే మరణం పోలీసు లెక్కలో ఒక గడిలో, రెవెన్యూ లెక్కలో ఇంకో గడిలో, రైతు సంఘాల జాబితాలో మూడో చోట ఉంటుంది. ఎవరి సంఖ్య సరైనదన్న వాదన ప్రతి ఏటా ఇందుకే తెగదు.

వీటన్నిటి వల్ల ఒక విచిత్రమైన పరిస్థితి వస్తుంది. వ్యూహం బాగా పనిచేసి, భయం తగ్గి, కుటుంబాలు నిజం చెప్పడం మొదలుపెడితే మొదట్లో సంఖ్యలు పెరుగుతాయి. నిఘా వ్యవస్థ ముందు కావాలని వ్యూహంలో రాయడానికి కారణం ఇదే. ఆస్పత్రులకు వచ్చే ఆత్మహత్యాయత్నాల లెక్క పోలీసులకు సంబంధం లేకుండా దొరికితే, పెరిగింది మరణాలా నమోదా అన్నది తేలుతుంది. ఆ గడువు 2025తో ముగిసింది. ఇప్పటికీ దేశమంతా చర్చించే సంఖ్య, ఏడాదిన్నర దాటాక వచ్చే ఎన్‌సీఆర్‌బీ నివేదికలోదే.

ఫోన్ మోగుతోంది, జిల్లా ఆస్పత్రి సంగతి?

కళ్లకు కనిపించే ప్రగతి టెలిమానస్‌ది. 2022 అక్టోబరు 10న మొదలైంది. దేశంలోని 36 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 50కి పైగా కేంద్రాలు, 20 భాషలు, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పర్యవేక్షణ. 2025 నాటికి 20 లక్షలకు పైగా ఫోన్లు అందుకుంది. నిద్ర పట్టడం లేదు, టెన్షన్‌గా ఉంది, మనసు బాగోలేదు అంటూ చేసే ఫోన్లూ ఇందులో చాలా ఉన్నాయి. మంచిదే. పరిస్థితి ముదరక ముందే మాట్లాడే చోటు ఒకటి దొరికింది. ఎర్రగడ్డకు పంపాలి, చినవాల్తేరు కేసు అని మనుషుల్ని వెక్కిరించే అలవాటున్న చోట, ఎవరి కంటా పడకుండా ఇంట్లోంచే మాట్లాడగలగడం చిన్న వెసులుబాటు కాదు.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి బొమ్మ మారుతుంది. టెలిమానస్‌ను నడిపే జాతీయ టెలి మానసిక ఆరోగ్య కార్యక్రమానికి 2024-25 బడ్జెట్‌లో 90 కోట్ల రూపాయలు పెట్టారు. అంతకుముందు ఏడాది కేటాయింపు కంటే అది తక్కువ. అదే ఏడాది నిమ్హాన్స్‌కు 850 కోట్లు. నిమ్హాన్స్‌కు ఇవ్వొద్దని ఎవరూ అనరు, దేశానికి అది కావాలి. కానీ ఆదిలాబాద్ రోగికీ, అనంతపురం రోగికీ వాళ్ల జిల్లాలో ఏముందన్నదే ఈ వ్యూహానికి అసలు పరీక్ష.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి ఉంది, 767 జిల్లాలకు మంజూరైందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. మంజూరు కావడం వేరు, డాక్టరు కుర్చీలో ఉండటం వేరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం రకరకాల మానసిక సమస్యలున్నవాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. లక్ష జనాభాకు ముగ్గురు సైకియాట్రిస్టులైనా ఉండాలని నిపుణులు అంటుంటే మన దగ్గర ఉన్నది ఒక్కరు కూడా కాదు, 0.75.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. జిల్లా కేంద్రానికి 60 కిలోమీటర్ల దూరంలోని మండలంలో ఒక కూలీ. ఆస్పత్రిలో మానసిక వైద్య ఓపీ వారంలో రెండు రోజులు ఉంటుంది. ఒక్కడే రాలేడు, తోడు ఎవరో రావాలి. ఇద్దరి బస్సు ఛార్జీలు, ఇద్దరి ఆ రోజు కూలి పోతాయి. మాత్రలు పదిహేను రోజులకు ఇస్తే నెలకు రెండుసార్లు ఈ ఖర్చు. మూడోసారి రాడు. ప్రభుత్వ లెక్కలో ఆ జిల్లాకు ఓపీ ఉంది, లక్ష్యం నెరవేరింది. అందుకే ఓపీల సంఖ్య కంటే, ఒకసారి వచ్చిన మనిషి ఆరు నెలలు వస్తున్నాడా అన్నది మంచి కొలమానం అని నా అభిప్రాయం. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల సేవల జాబితాలో మానసిక ఆరోగ్యాన్ని చేర్చడం సరైన దిశే. అక్కడ మాత్రలు, శిక్షణ పొందిన మనిషి రెండూ ఉంటేనే దానికి అర్థం.

బతికి బయటపడ్డ మనిషిని ఎవరు పలకరిస్తారు?

ఈ వ్యవహారమంతటిలో నా మనసు ఎక్కువగా ఆగేది ఇక్కడ. ఇంతకుముందు ఒకసారి ప్రయత్నించినవాళ్లకు ముప్పు అందరికంటే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వాళ్లెవరో వెతకనక్కర్లేదు, ఆస్పత్రి రిజిస్టర్‌లోనే పేర్లుంటాయి. కానీ మామూలుగా జరిగేదేమిటి? ప్రాణాపాయం తప్పగానే డిశ్చార్జి. చీటీలో కడుపుకు, ఇన్‌ఫెక్షన్‌కు మందులుంటాయి. ఎందుకిలా అయిందమ్మా, ఇప్పుడెలా ఉంది అని అడిగే మనిషి అక్కడ ఉండడు. పోలీసు కేసు అంటూ చేర్చుకోవడానికే వెనకాడే ప్రైవేటు ఆస్పత్రులూ ఉన్నాయి.

దీనికి పెద్ద ఖర్చు లేని జవాబు ఒకటి మన పక్క రాష్ట్రంలోనే పరీక్షకు నిలిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో చేసిన అధ్యయనంలో చెన్నై కూడా ఒక కేంద్రం. ఆత్మహత్యాయత్నం తర్వాత ఆస్పత్రికి వచ్చిన 1,867 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు చికిత్స. రెండో భాగానికి దాంతోపాటు డిశ్చార్జి ముందు గంటసేపు మాట్లాడటం, ఆ తర్వాత ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోన్ చేసో ఇంటికెళ్లో ఎలా ఉన్నారని అడగడం. ఏడాదిన్నర తర్వాత చూస్తే మామూలు చికిత్స పొందినవాళ్లలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో చనిపోయారు. పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం. 2008లో వచ్చిన ఫలితం ఇది. ఒక ఏఎన్‌ఎంకో, ఆశా కార్యకర్తకో శిక్షణ ఇచ్చి, ఆ పనికి విడిగా పారితోషికం ఇస్తే చేయగలిగిన పని. మిగతా సర్వేల భారమంతా వాళ్ల నెత్తినే ఉంది కాబట్టి ఊరికే ఇంకో రిజిస్టర్ అంటగడితే మాత్రం జరగదు. జిల్లా స్థాయిలో ఇది మామూలు పద్ధతిగా మారిందా అన్నది ఈ వ్యూహం గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న.

పురుగు మందుల మీద తెగని వాదన

ఆత్మహత్య ఆలోచన చాలామందిలో అలలా లేచి కొద్దిసేపట్లో తగ్గుతుంది. ఆ కొద్దిసేపట్లో ప్రాణాంతకమైనది చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు, దక్కినవాళ్లలో ఎక్కువమంది తర్వాత బతుకుతారు. నివారణ పరిశోధనలో గట్టి ఆధారాలున్న అంశం ఇది. శ్రీలంకలో 1995 ప్రాంతంలో రేటు లక్షకు 47 దాకా పోయింది. అత్యంత విషపూరితమైన పురుగు మందులను ఒకటొకటిగా నిషేధిస్తూ వచ్చాక రెండు దశాబ్దాల్లో రేటు సుమారు 70 శాతం పడిపోయింది. దిగుబడులు దానివల్ల తగ్గలేదని అక్కడి పరిశోధకులు చూపారు.

నిషేధం దేనికి, ఇంట్లో తాళం వేసి పెట్టుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. అదీ శ్రీలంకలోనే పరీక్షించారు. 180 ఊళ్లలో, 50 వేలకు పైగా ఇళ్లలో చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. తాళం పెట్టెలిచ్చిన ఊళ్లకూ ఇవ్వని ఊళ్లకూ తేడా కనిపించలేదు.

మన దేశంలో ఇది వ్యవసాయ శాఖ చేతిలోని నిర్ణయం, ఆరోగ్య శాఖది కాదు. 2018లో 18 మందుల మీద నిషేధం ఉత్తర్వు వచ్చింది, కొన్ని వెంటనే, కొన్ని 2020 చివరి నుంచి. 2020లో మరో 27 నిషేధిద్దామని ముసాయిదా పెట్టారు. అభ్యంతరాలన్నీ విన్నాక 2023లో వచ్చిన ఉత్తర్వులో పూర్తి నిషేధం పడ్డవి చాలా కొద్ది. తయారీదారుల వాదన ఏమిటంటే ఇవి చవక, ప్రత్యామ్నాయాలకు ధర ఎక్కువ, పురుగు పడితే నష్టపోయేది చిన్న రైతే. ఈ వాదనలో రైతు ఖర్చు గురించిన భాగం నిజమైనదే. పత్తికి, మిర్చికి ఎన్నిసార్లు పిచికారీ చేయాల్సి వస్తోందో గుంటూరు, వరంగల్ రైతులకు చెప్పనక్కర్లేదు. అప్పుడు ప్రత్యామ్నాయం ధర ఎవరు భరించాలన్నది ప్రశ్న అవుతుంది కానీ, ప్రాణాంతకమైనదాన్ని అలాగే వదిలేయడం జవాబు కాదు. ఆరోగ్య శాఖ రాసుకున్న లక్ష్యం వ్యవసాయ శాఖ సంతకం మీద ఆధారపడటం ఈ వ్యూహంలోని పెద్ద బలహీనత.

ర్యాంకులు, సెక్షన్లు, కోర్టు ఆదేశాలు

2023లో చనిపోయినవాళ్లలో 13,892 మంది విద్యార్థులు. ఫలితాల రోజులంటే మన ఇళ్లలో ఎంత టెన్షనో అందరికీ తెలుసు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఫలితాల ప్రక్రియలో తప్పులు జరిగాయని ప్రభుత్వమే వేసిన త్రిసభ్య కమిటీ చెప్పింది. ఏ మరణానికీ కారణం ఒక్కటే ఉండదు. కానీ వ్యవస్థ చేసిన తప్పు, పదిహేడేళ్ల పిల్లలు తమ తప్పే అనుకునేలా చేసింది.

ఇలాంటి చోట చిన్న పరిపాలనా మార్పు కూడా పనిచేస్తుంది. ఫెయిలైనవాళ్లకు వెంటనే సప్లిమెంటరీ పెట్టి ఏడాది వృథా కాకుండా చూడటం అలాంటిదే. తమిళనాడు అనుభవాన్ని ఆత్మహత్యల నివారణకు పనిచేసే చెన్నై స్నేహ సంస్థ వ్యవస్థాపకురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ చాలాసార్లు ఉదాహరణగా చెప్పారు. మన దగ్గరా అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది.

వ్యూహం విద్యాసంస్థలకు 2030 దాకా గడువిచ్చింది. సుప్రీంకోర్టు అంత ఆగలేదు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జులై 25న తీర్పు చెబుతూ, చట్టం వచ్చేదాకా దేశమంతటికీ వర్తించేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ. హెల్ప్‌లైన్ నంబర్లు కనిపించేలా పెట్టాలి. వారం వారం టెస్టు మార్కులతో సెక్షన్లు మార్చే పద్ధతి మీదే నడిచే మన రెసిడెన్షియల్ కాలేజీల తీరుకు ఇందులో రెండోది నేరుగా తగులుతుంది. ఉన్నత విద్యలో ఆత్మహత్యల మీద విశ్రాంత న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను అదే కోర్టు 2025 మార్చిలో వేసింది. కౌన్సెలర్ పేరు బోర్డు మీద ఉండటం, పిల్లలు ఆ గది తలుపు తట్టడం మాత్రం వేర్వేరు. అక్కడ చెప్పింది ప్రిన్సిపాల్‌కు చేరదన్న నమ్మకం పిల్లలకు కుదరాలి.

రోగమా, బతుకు కష్టమా?

వ్యూహం మీద లోతైన విమర్శ ఇది. 2021లో చనిపోయినవాళ్లలో 42,004 మంది దినసరి కూలీలు, నలుగురిలో ఒకరు. గృహిణులు 23,178 మంది. వీళ్లకు కావాల్సింది మాత్రలా, కౌన్సెలింగా, లేక కూలి గిట్టుబాటు, అప్పు నుంచి ఊరట, తాగొచ్చి కొట్టే భర్త నుంచి రక్షణా? కష్టాన్ని రోగంగా చూపి ప్రభుత్వం తప్పించుకుంటోందన్నది సామాజిక శాస్త్రవేత్తల వాదన. అదే అప్పు, అదే కరువు ఊరంతటికీ ఉన్నప్పుడు కొందరే ఎందుకు కూలిపోతారు, వాళ్లలో చాలామందికి చికిత్సతో నయమయ్యే డిప్రెషనో మద్యం వ్యసనమో ఉంటే వైద్యం ఇవ్వకుండా ఎలా ఆగుతాం అన్నది డాక్టర్ల వాదన. ఎన్‌సీఆర్‌బీ పట్టికలు ఈ వాదన తేల్చలేవు. కుటుంబ సమస్యలు అన్న ఒక్క గడిలోనే 2022లో 31.7 శాతం మరణాలను వేశారు. ఆ గడిలో అప్పూ ఉంటుంది, తాగుడూ ఉంటుంది, డిప్రెషనూ ఉంటుంది.

నాకు రెండు వాదనలూ ఒకదాన్నొకటి కొట్టేసేవిగా అనిపించవు. వ్యూహ పత్రంలోనూ ఇతర శాఖల పాత్ర రాసి ఉంది. కానీ గడువులున్న మూడు పనులూ నిఘా, ఓపీ, పాఠాలు. అప్పుల మీద, మద్యం మీద, పురుగు మందుల మీద అలాంటి తేదీ లేదు. తేదీ లేని పనికి జవాబు చెప్పాల్సినవాళ్లూ ఉండరు.

ఇకముందు చూడాల్సిన తేదీలు

జిల్లా ఓపీల గడువు 2027. ఆ జాబితాను మీ జిల్లా వరకు సరిచూడటం కష్టం కాదు: ఓపీ వారంలో ఎన్ని రోజులు, సైకియాట్రిస్టు పోస్టు నిండిందా, మాత్రలు నెలకు సరిపడా ఇస్తున్నారా, ఆత్మహత్యాయత్నం తర్వాత డిశ్చార్జి అయినవాళ్లకు ఎవరైనా ఫోన్ చేస్తున్నారా. పది శాతం లక్ష్యం సంగతి తేలడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. 2023 లెక్క 2025 సెప్టెంబరులో వచ్చినట్టే వస్తూ పోతే, 2030లో ఎంతమంది చనిపోయారో మనకు తెలిసేది 2032లో.